మీకు తెలుసా? ఆస్పత్రిలో ఒక అంకె, ఇంట్లో ఒక అంకె
డయాబెటిస్ లేని పిల్లికి కూడా డాక్టరు బల్ల ఎక్కించగానే, ఒక్క భయంతోనే రక్తంలో షుగరు 300 దాటిపోవచ్చు. బుట్టలో ప్రయాణం, కుక్కల అరుపులు, ఎరగని చేతులు... అడ్రినలిన్ ఎగసి, కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదిలేస్తుంది. అందుకే ఇన్సులిన్ వేయించుకుంటున్న పిల్లి అసలు సంగతి ఇంట్లో పరీక్ష చేస్తేనే బాగా తెలుస్తుంది.

రక్తపు చుక్క తీసేది చెవి అంచు నుంచి. గోరువెచ్చని గుడ్డ కాసేపు ఆనిస్తే సన్నటి రక్తనాళం ఉబ్బుతుంది. చెవి వెనక దూది పెట్టి గుచ్చాలి. ఒళ్లో కూర్చున్న పిల్లులు చాలావరకు కిక్కురుమనవు, పాపం!

మనుషుల షుగరు మీటరు మాత్రం పిల్లి రక్తంలో చక్కెరను సాధారణంగా కాస్త తక్కువ చేసి చూపిస్తుంది. కాబట్టి అంకె చూసి మీరే డోసు మార్చకండి. తిండి వేళ, ఇంజెక్షన్ వేళతో కలిపి రాసిపెట్టి డాక్టరుకు చూపించండి.