గోరింటాకు పండాలంటే

ఆషాఢం వచ్చిందంటే మన ఇళ్ళలో రోటికి మళ్ళీ పని పడుతుంది. మిక్సీలు వచ్చాక మూలపడిన రోలు కూడా గోరింటాకు పేరు చెప్పుకొని ఒకసారి దుమ్ము దులిపించుకుంటుంది. పెరటి గోడవార కొమ్మ విరిచి పాతితే చాలు, బతికే పొద అది.

గౌరీదేవి పుట్టింటి ఆకు కనుక గౌరింటాకు, అదే గోరింటాకు అయిందని పెద్దలు కథ చెబుతారు. గోటికి అంటుకునే ఆకు కనుక ఆ పేరు వచ్చిందని మరికొందరి వాదం. తెలుగు పాఠం చెప్పుకొనే నాకు రెండోదే నచ్చుతుంది గాని, మా ఇంట్లో ఆడవాళ్ళ ఎదుట ఆ మాట అనను. కావ్యాల్లో కురవకమనీ గోరింట అనీ వర్ణించే పూలమొక్క మాత్రం ఇది కాదు. ఆ జాతి వేరు. 1753లో లిన్నేయస్ మన ఆకుకు పెట్టిన పేరు లాసోనియా ఇనెర్మిస్. ఇనెర్మిస్ అంటే ముళ్ళు లేనిదని అర్థం. ముదురు పొదలో చెయ్యి పెట్టి గీరుకున్నవారెవరూ ఆ పేరు ఒప్పుకోరు!

ఆకులోని రంగు పదార్థం లాసోన్. ఆకు నలిగి, చింతపండు పులుపు తగిలి, కొన్ని గంటలు చర్మాన్ని అంటిపెట్టుకుని ఉంటే, అది చర్మంలోని కెరటిన్‌తో కలిసిపోతుంది. కడిగినప్పుడు నారింజరంగే కనిపిస్తుంది. గాలి తగిలి ఒకటి రెండు రోజులకు గాని ఎర్రగా పండదు. అరచేతి తోలు మందం కనుక అక్కడ ముదురుగానూ, చేతి వెనుక వెలవెలగానూ ఉంటుంది. బాగా పండితే మంచి మొగుడొస్తాడంటారు. పాపం, ఆయన మంచితనమంతా తోలు మందంలో ఉన్నదన్నమాట!

ఆషాఢంలో పుట్టింటికి వచ్చిన కొత్త పెళ్ళికూతురికీ, ఆశ్వయుజ బహుళ తదియనాడు జరిగే అట్లతద్దికి ముందురోజు ఆడపిల్లలకూ ఇది తప్పదు. తొలకరి తడిలో వేళ్ళ సందులు ఒరిసే కాలంలో ఈ ఆచారం రావడం వట్టిదే అనిపించదు. కొన్ని రకాల బూజుజాతి క్రిములను లాసోన్ అణచగలదని ప్రయోగశాలల్లో తేలింది. అరికాళ్ళ మంటలకు చలవ అని మా అమ్మ పట్టువేసేది. గోరుచుట్టుకూ మన వాళ్ళు ఈ ఆకే కట్టేవారు. కాని చీము పట్టిన వేలికి ఆకు కట్టి కూర్చోరాదు, వైద్యుడికి చూపించాలి.

ఇక అసలు సంగతి. నా విద్యార్థిని ఒకామె అక్కగారి పెళ్ళికి బజారులో కోను కొని పెట్టుకున్నది. గంటలోనే కాటుకలా నల్లగా పండిందని అందరూ మెచ్చుకున్నారు. మూడోనాటికి ఆ లతలూ నెమళ్ళూ గీసినచోటల్లా బొబ్బలు లేచాయి. పెళ్ళిపందిట్లో చెయ్యి కొంగుచాటున పెట్టుకుని తిరిగింది.

గోరింటాకు గంటలో పండదు. కాటుక నలుపు దాని రంగే కాదు. అలా పండించేందుకు కొందరు పారాఫెనిలిన్‌డయమీన్ కలుపుతారు. తలకు వేసుకునే నల్లరంగుల్లో ఉండే రసాయనం అది. ఒకసారి ఒంటికి పడకపోతే ఆ పడకపోవడం జన్మంతా ఉండిపోవచ్చు. నలభయ్యేళ్ళు దాటాక జుట్టుకు రంగు వేసుకోబోతే ముఖమంతా వాచి, పెళ్ళినాటి కోను గుర్తుకు రావచ్చు. బొబ్బ మానినా మచ్చ మానకపోవడమూ ఉన్నది.

చంటిపిల్లల సంగతి మరీ జాగ్రత్త. జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టిన పసివారికి అసలైన ఆకు పూసినా, లాసోన్ చర్మం గుండా ఇంకి ఎర్ర రక్తకణాలు చితికి, పచ్చకామెర్లు వచ్చిన ఉదంతాలు వైద్యులు నమోదు చేశారు. ఆ లోపం పైకి చూస్తే తెలియదు. బారసాలకు వచ్చిన అమ్మమ్మలు ముద్దుకు బొడ్డుచుట్టూ, అరికాళ్ళకూ పెడతామంటారు. వారి చేతిలోని ముద్ద తల్లి అరచేతికి మళ్ళించండి.