పదకొండా, పన్నెండా?

ఆలమూరులో ఒక బడి పిల్లలు బ్లాగు నడుపుతున్నారనుకోండి. ఊళ్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకుని 117 వ్యాసాలు రాశారు. అన్నిటికంటే ముందు రాసిన ఏడూ 1986 ఆగస్టు నాటి గోదావరి వరద గురించినవి. పేజీకి పది చొప్పున చూపించాలంటే ఎన్ని పేజీలు కావాలి?

కొబ్బరికాయలతో లెక్కవేయండి. 117 కాయలు, సంచికి పది. పదకొండు సంచులు నిండాక ఏడు కాయలు మిగులుతాయి. మీరైతే వాటిని గట్టుమీద వదిలేసి పోరు, ఇంకో సంచి తెస్తారు. కంప్యూటరుకు ఆ ఇంగితం లేదు. భాగించి శేషం వదిలెయ్యమంటే 11 అని ఊరుకుంటుంది. పేజీ అడుగున 1 నుంచి 11 వరకే అంకెలు కనిపిస్తాయి. బ్లాగులో కొత్తవి ముందు, పాతవి వెనక. కాబట్టి కనిపించకుండా పోయేవి ఆ వరద వ్యాసాలే! అవి చెరిగిపోలేదు. నొక్కడానికి అంకె లేదు, అంతే.

ఉపాయం చిన్నదే. భాగించే ముందు 9 కలపండి. 117కు 9 కలిపితే 126. దాన్ని 10తో భాగించి శేషం వదిలితే 12. పది ఎందుకు కలపకూడదంటారా? 120కి కలిపి చూడండి, ఖాళీ పేజీ ఒకటి పుట్టుకొస్తుంది.

ఆరో పేజీ నొక్కితే ఏం జరుగుతుంది? ఆరులోంచి ఒకటి తీసి పదితో హెచ్చిస్తే 50. అన్ని వ్యాసాలు దాటి, 51 నుంచి 60 వరకు తెస్తుంది.

పేజీలు వందలైతే అంకెలన్నీ వరసగా పట్టవు. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్‌లో దీనికి తయారుగా ఒక ప్రమేయం ఉంది. ఆరో పేజీలో ఉన్నప్పుడు అది ఇలా చూపిస్తుంది:

1 … 4 5 6 7 8 … 12

మొదటిది, చివరిది, మనమున్న పేజీకి అటు రెండు, ఇటు రెండు. ఆ రెండును కోడులో మూడు చేసుకోవచ్చు. ‘తరువాతి పుట’ అని మన మాటే రాసుకోవచ్చు.

తెలుగు అంకెలు కావాలా? ఇదే అన్నిటికన్నా తమాషా! కంప్యూటరు లోపల ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య ఉంటుంది. యూనికోడ్‌లో 0కు 48, మన ౦కు 3174. మిగతా అంకెలు రెండు చోట్లా అదే వరసలో వస్తాయి. అంటే ఏ అంకెకైనా 3126 కలిపితే చాలు. 5 సంఖ్య 53 కదా, కలిపితే 3179. అది ౫.

ఒక్క జాగ్రత్త. పైకి కనిపించే అంకెనే మార్చాలి, లింకు చిరునామాలోని 12 అలాగే ఉండాలి. లేకపోతే తెరమీద అందంగా ౧౨ కనిపిస్తుంది కాని, నొక్కితే వరద వ్యాసాలు రావు.