కూలిన కొట్టములో కూరల మడి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతములలో ఏ ఊరికి పోయినను, కప్పు పడిపోయి మొండిగోడలు మిగిలిన పశువుల కొట్టము ఒకటైనా కనబడును. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు పోయినవి. వలసపోయిన ఇండ్లలో గోడకు మెత్తువారు లేకపోయిరి. మా ఇంటి వెనుకది కూడా అట్లే కూలినది.

2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి పనులు మొదలైనప్పుడు, పాడుబడిన గోడలు తీసివేయుమని చెప్పిరి. మన్నంతా ట్రాలీలకెత్తి పంపి, స్థలము అమ్ముదామని మా అన్న తలంచెను. ఆయనకు బిడ్డ పెండ్లి అప్పు ఉన్నది, తప్పు పట్టలేము. అమ్మ మాత్రము ఒప్పుకొనలేదు. "ఎద్దుల మూత్రం తాగిన మన్ను బిడ్డా, పైసలిచ్చినా దొరకదు" అనెను. మేము ఒక పంట వరకు గడువు అడిగితిమి.

అమ్మ మాట నిజమే. మన పెద్దలు పాటిమన్నును బండ్లతో పొలములకు తోలినది అందుకే. కొట్టము నేలలోను పాత మట్టిగోడలలోను నత్రజని చేరియుండును. పూర్వము సురేకారము తీసినదియు ఇట్టి మన్నునుండియే.

అయితే అక్కడనే దెబ్బ తింటిమి. ఆ మన్నులోనే నేరుగా టమాట, మిరప నారు నాటితిమి. పది దినములలో ఆకుల అంచులు మాడి నారంతా పోయినది. నేలమీద తెల్లగా పేరినది ఉప్పని అప్పుడు తెలిసినది. అన్న ఒక్క మాటయు అనలేదు; అదే మాకు ఎక్కువ బాధయైనది.

మరల గడువు అడిగి, మన్నును జానెడు మందమున పరచి, 2020 వానలకు వదలితిమి. వాన ఉప్పును కడిగివేసినది. తరువాత ఒక తట్ట పాటిమన్నుకు మూడు తట్టల చెల్క మన్ను కలిపితిమి. గోడరాళ్ళు మడికి గట్టు అయినవి. (రాళ్ళను గడ్డపారతో కదిలించిన తరువాతనే చేయి పెట్టవలెను, మాకు మూడు తేళ్ళు కనబడినవి.) చెదలు పట్టని రెండు గుంజలు చిక్కుడు పందిరికి నిలిచినవి. పశువుల తొట్టి, దాని సంగతి విశ్వాసులకు వేరే చెప్పనక్కరలేదు, ఇప్పుడు నీళ్ళ తొట్టి అయినది.

క్రిస్మస్ నాటికి చిక్కుడు, వంకాయ, పుంటికూర ఇరుగుపొరుగుకు కూడా పంచితిమి. అన్న స్థలము అమ్మలేదు. అప్పు ఇంకను కొంత ఉన్నది. వనపర్తి బజారుకు పోవు దినమున వంకాయల బుట్టను బండి వెనుక ఆయనే కట్టుకొనును.