దాడి చేసినవాడికి ఏం పోతుంది?

2020 ఆగస్టులో ‘ఇథీరియం క్లాసిక్’ బ్లాక్‌చెయిన్‌పై ఒక్క నెలలోనే మూడు దాడులు జరిగాయి. అది ‘ప్రూఫ్ ఆఫ్ వర్క్’ పద్ధతిలో నడుస్తుంది. కంప్యూటర్లు కరెంటు కాల్చి లెక్కలు తేలుస్తాయి. ఎక్కువ శ్రమ పడిన గొలుసే చెల్లుతుంది. సగానికి మించిన కంప్యూటింగ్ శక్తి ఉన్నవాడు పాత చెల్లింపులను చెరిపి, అదే నాణేన్ని మళ్లీ ఖర్చుపెట్టగలడు. విచిత్రమేమిటంటే, ఆ శక్తి మార్కెట్‌లో అద్దెకే దొరుకుతుంది. పని కాగానే యంత్రాలు వదిలేసి వెళ్లిపోవచ్చు. బిట్‌కాయిన్‌కు ఈ బెడద తక్కువ. దాన్ని మించే శక్తి అద్దెకు దొరకదు. అంటే అక్కడ రక్షణ పద్ధతిలో కన్నా పరిమాణంలోనే ఉంది.

2016లో క్లాసిక్ నుంచి విడిపోయిన ఇథీరియం, 2022 సెప్టెంబర్ 15న ‘ప్రూఫ్ ఆఫ్ స్టేక్’కు మారింది. లావాదేవీలను ధ్రువీకరించాలంటే కనీసం 32 ఈథర్లు పూచీగా పెట్టాలి. పరస్పర విరుద్ధమైన రెండు బ్లాకులకు ఓటేస్తే ఆ పూచీలో కోత పడుతుంది. ఎక్కువమంది కలిసి మోసానికి దిగితే మొత్తం పోవచ్చు. అద్దె యంత్రంలా దీన్ని తిరిగిచ్చేసి తప్పుకోవడం కుదరదు.

అలాగని నిశ్చింతగా ఉండే వీల్లేదు. మొత్తం స్టేక్‌లో మూడో వంతు గుప్పిట్లో ఉంటే చాలు, లావాదేవీలు ఖరారు కాకుండా ఆపొచ్చు. 2023లో లైడో అనే ఒక్క సర్వీసు ద్వారానే దాదాపు అంత స్టేక్ పోగైంది. దాన్ని చాలామంది ఆపరేటర్లే నడుపుతున్నా, నిబంధనలు మాత్రం ఒకచోటే తయారవుతాయి.