కొత్త వెర్షన్‌లో చేసిన ఫైల్ పాత వెర్షన్‌లో ఎందుకు తెరుచుకోదు? తెరుచుకున్నా ఏం పోతుంది?

2020 అక్టోబరు తొలి వారంలో ఇంగ్లండ్‌లో కరోనా కేసుల సంఖ్య ఉన్నట్టుండి భారీగా పెరిగినట్లు కనిపించింది. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు బయటపడిన 15,841 కేసులు అంతకుముందు రోజువారీ లెక్కల్లో చేరలేదు. అవి ఒక్కసారిగా కలవడం వల్లే ఆ పెరుగుదల కనిపించింది.

కారణం ఫైల్ ఫార్మాట్. ప్రయోగశాలలు పంపిన ఫలితాలను అప్పటి ప్రజారోగ్య సంస్థ 'పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్' ఎక్సెల్ పాత ఫార్మాట్ అయిన 'ఎక్స్‌ఎల్‌ఎస్' ఫైళ్లలో చేర్చేది. ఆ ఫార్మాట్‌లో ఒక షీట్‌కు 65,536 వరుసలే పరిమితి. 2007 నాటి ఎక్సెల్‌తో వచ్చిన కొత్త ఫార్మాట్‌లో ఈ పరిమితి 10,48,576. ఒక్కో పరీక్ష ఫలితానికి అనేక వరుసలు అవసరం కావడంతో పాత ఫైల్ సుమారు 1,400 కేసులకే నిండిపోయింది. మిగిలినవి బయటే ఉండిపోయాయి.

పరీక్ష చేయించుకున్నవారికి ఫలితాలు అందాయి. అయితే వారితో సన్నిహితంగా మెలిగినవారిని గుర్తించి అప్రమత్తం చేసే పని రోజుల తరబడి ఆలస్యమైంది.

కార్యాలయాల్లో, ముద్రణాలయాల్లో, పాఠశాలల్లో ఇదే సమస్య చిన్న స్థాయిలో తరచూ ఎదురవుతుంది. ఫైల్ అసలు తెరుచుకోకపోతే సమస్య ఉన్నట్లు వెంటనే తెలుస్తుంది. సగం సమాచారాన్ని పోగొట్టుకొని మామూలుగా తెరుచుకునే ఫైల్‌తోనే ప్రమాదం ఎక్కువ.

ఫార్మాట్ అంటే ఏమిటి?

కంప్యూటర్‌కు ఫైల్ అంటే వరుసగా పేర్చిన సంఖ్యలు మాత్రమే. వాటిలో ఏది అక్షరం, ఏది రంగు, ఏది పట్టికలోని గడి అన్నది నిర్ణయించే ఒప్పందమే ఫార్మాట్. రాసే సాఫ్ట్‌వేర్, చదివే సాఫ్ట్‌వేర్ రెండూ ఆ ఒప్పందానికి కట్టుబడి ఉంటేనే సమాచారం సవ్యంగా అందుతుంది.

కొత్త వెర్షన్‌తో పాటు కొత్త సౌకర్యాలు వస్తాయి. వాటిని భద్రపరచడానికి ఒప్పందంలో కొత్త అంశాలు చేరతాయి. కొన్నిసార్లు ఒప్పందమే పూర్తిగా మారుతుంది. ఆఫీస్ 2007తో మైక్రోసాఫ్ట్ వర్డ్ 'డాక్' ఫార్మాట్ నుంచి 'డాక్ఎక్స్'కు మారడం అలాంటిదే. డాక్ఎక్స్ ఫైల్ నిజానికి ఒక జిప్ సంచి. పాఠ్యం, శైలులు, బొమ్మలు దానిలో విడివిడిగా ఉంటాయి. అంతకుముందు వెర్షన్లకు ఈ నిర్మాణం తెలియదు. అందుకే వాటి కోసం మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా ఒక 'కంపాటిబిలిటీ ప్యాక్'ను అందించింది. 2018లో దాన్ని ఉపసంహరించుకుంది.

రెండు దిశలు, రెండు రకాల కష్టం

పాత ఫైల్‌ను కొత్త వెర్షన్‌లో తెరవడం సాధారణంగా తేలిక. పాత ఒప్పందం ఏమిటో కొత్త వెర్షన్ తయారీదారులకు ముందే తెలుసు.

కొత్త ఫైల్‌ను పాత వెర్షన్‌లో తెరవడం అంత తేలిక కాదు. తాతగారి ఉత్తరాన్ని మనుమడు చదవగలడు గానీ, మనుమడి కాలంలో పుట్టబోయే మాటలను తాతగారు ముందే ఊహించలేరు. పాత వెర్షన్ పరిస్థితి కూడా అదే. తనకు తెలియని అంశం ఎదురైనప్పుడు అది ఫైల్‌ను తిరస్కరించవచ్చు, ఆ అంశాన్ని మార్చి చూపవచ్చు, లేదా వదిలేయవచ్చు.

ఉదాహరణకు, వర్డ్ కొత్త వెర్షన్లలో రాసిన గణిత సమీకరణాలను పాత 'డాక్' ఫార్మాట్‌లో భద్రపరిస్తే అవి బొమ్మలుగా మారిపోతాయి. చూడటానికి తేడా ఉండదు. కానీ వాటిలో ఒక్క అంకెను కూడా దిద్దడం కుదరదు.

ఎక్సెల్‌లోని 'ఎక్స్‌లుకప్' సూత్రం మరో ఉదాహరణ. 2016 వెర్షన్‌కు ఈ సూత్రం తెలియదు. ఫైల్ తెరవగానే చివరిసారి భద్రపరచిన జవాబే కనిపిస్తుంది కాబట్టి అనుమానం రాదు. ఆ గడిని మళ్లీ లెక్కించిన క్షణంలో జవాబు స్థానంలో లోప సందేశం వస్తుంది. జీతాల పట్టికలోనో, మార్కుల జాబితాలోనో ఇలా జరిగితే దాని ఫలితం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

తెలుగు ఫైళ్లకు రెండో చిక్కు

తెలుగు ముద్రణ రంగానికి ఈ సమస్య కొత్తది కాదు. చాలాకాలం తెలుగు పుస్తకాలు, పత్రికల పేజీలు అడోబీ పేజ్‌మేకర్‌లో తయారయ్యాయి. దాని చివరి వెర్షన్ 7.0 2001లో వచ్చింది. ఆ తర్వాత ఇన్‌డిజైన్ దాని స్థానాన్ని ఆక్రమించింది. సీఎస్6 వరకు ఇన్‌డిజైన్ వెర్షన్లు పేజ్‌మేకర్ 6.0, ఆపై ఫైళ్లను తెరిచేవి. 2013లో వచ్చిన ఇన్‌డిజైన్ సీసీ నుంచి ఆ వీలు లేదు. అంటే కొత్త వెర్షన్ పాత ఫైల్‌ను ఎప్పటికీ చదువుతుందన్న భరోసా కూడా లేదు.

ఫైల్ తెరుచుకున్నా అక్షరాల చిక్కు మిగిలి ఉంటుంది. ఆ కాలపు ఫాంట్లలో చాలావరకు ఇంగ్లిష్ అక్షరాల సంకేతాల మీదే తెలుగు ఆకృతులను అమర్చాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెలుగు పేజీ అర్థంపర్థం లేని ఇంగ్లిష్ గుర్తులుగా కనిపిస్తుంది.

యూనికోడ్ ఈ చిక్కును చాలావరకు తీర్చింది. 1991 నాటి తొలి వెర్షన్ నుంచే అందులో తెలుగుకు చోటుంది. ఒకసారి అక్షరానికి కేటాయించిన స్థానాన్ని మార్చకూడదు, తొలగించకూడదు అన్నది యూనికోడ్ నియమం. అయినా కొత్త అక్షరాలు చేరుతూనే ఉంటాయి. పాత తెలుగు రాతల్లో కనిపించే నకార పొల్లుకు 2021లో వచ్చిన యూనికోడ్ 14.0లో స్థానం దక్కింది. అంతకుముందు నాటి ఫాంట్లలో దాని స్థానే ఖాళీ గడి కనిపిస్తుంది.

పంపేముందు ఏం చేయాలి?

- అవతలివారి దగ్గర ఏ వెర్షన్ ఉందో ముందే తెలుసుకోవాలి. పాత వెర్షన్ ఉన్నవారు చేయగలిగింది తక్కువ. కాబట్టి జాగ్రత్త పడాల్సింది కొత్త వెర్షన్ ఉన్నవారే.

- అసలు ఫైల్‌ను అలాగే ఉంచి, 'సేవ్ యాజ్' ద్వారా పాత ఫార్మాట్‌లో వేరే పేరుతో ప్రతి తయారుచేయాలి. ఆ సమయంలో వచ్చే హెచ్చరికలను చదవకుండా 'ఓకే' నొక్కకూడదు.

- చదవడానికి మాత్రమే అయితే, ఫాంట్లను పొదిగిన పీడీఎఫ్ పంపడం మేలు.

- ఇన్‌డిజైన్ పేజీలను పాత వెర్షన్‌కు పంపాలంటే 'ఐడీఎంఎల్' ఫార్మాట్ వాడాలి. ఇది సీఎస్4, ఆపై వెర్షన్లలో తెరుచుకుంటుంది. పేజీలకు జతచేసిన బొమ్మలను, ఫాంట్లను విడిగా పంపాలి.

- ఆటోకాడ్ 'డీడబ్ల్యూజీ' ఫైల్ ఏ ఫార్మాట్‌దో తెలియకపోతే నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి ఆరు గుర్తులు చూడాలి. 'ఏసీ1027' అని ఇంగ్లిష్‌లో ఉంటే 2013 ఫార్మాట్, 'ఏసీ1032' అని ఉంటే 2018 ఫార్మాట్.

- అందుకున్నవారు వరుసల సంఖ్య, మొత్తాలు, పేజీల సంఖ్యను పంపినవారితో సరిచూసుకోవాలి. పాత వెర్షన్‌లో దిద్దిన ఫైల్‌ను అసలు ఫైల్ మీద భద్రపరచకూడదు.

దీర్ఘకాలం నిలవాలంటే

ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌పై ఆధారపడకుండా ఎవరైనా చదవగలిగే ఫార్మాట్ల కోసం ప్రయత్నాలు చాలాకాలంగా సాగుతున్నాయి. దీర్ఘకాల భద్రత కోసం రూపొందించిన 'పీడీఎఫ్/ఏ' 2005లో, ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్ 2006లో, డాక్ఎక్స్‌కు ఆధారమైన ఆఫీస్ ఓపెన్ ఎక్స్‌ఎంఎల్ 2008లో అంతర్జాతీయ ప్రమాణాలయ్యాయి. భారత ప్రభుత్వం కూడా 2010లో ఈ-గవర్నెన్స్ కోసం బహిరంగ ప్రమాణాల విధానాన్ని ప్రకటించింది.

ప్రమాణం ఉన్నంత మాత్రాన పాత ఫైళ్లు వాటంతటవే అందులోకి మారవు. వాటిని తెరవగల సాఫ్ట్‌వేర్, అది నడిచే కంప్యూటర్ పనిచేస్తున్నప్పుడే ఎవరో ఒకరు మార్చాలి. పేజ్‌మేకర్‌లో కూర్చిన పుస్తకాల ఫైళ్లు ఇంకా దగ్గరున్న ప్రచురణకర్తలకు, పాత సీడీలలో లెక్కలు దాచుకున్న సంస్థలకు ఆ గడువు ఏటేటా తగ్గుతోంది.