మందకు ముందొకరు, వెనకొకరు

పామిడి దగ్గర పెన్నానది ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. ఆ మధ్య ఒక ఎండాకాలం ఉదయాన ఆ ఇసుకలో గొర్రెల మంద ఒకటి ఏరు దాటడం మేము చూశాము. ముందు ఒక పెద్దాయన, భుజం మీద కంబళి, చేతిలో కర్ర. వెనక ఒక కుర్రవాడు, చంకలో రాత్రి పుట్టిన గొర్రెపిల్ల. ఒక్క మందకు ఇద్దరెందుకని అడిగాము. "ముందుండేవాడు దావ చూడాల, ఎనకుండేవాడు నిలిచిపోయినదాన్ని చూడాల సార్" అన్నాడు పెద్దాయన.

సంఘ కాపరుల గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాము. కానీ ఇంత చిన్న మాటలో ఇంత పెద్ద సంగతి వినలేదు.

ఆ మాట మా మనసులో నిలిచిపోవడానికి ఇంకొక కారణం ఉంది. మాకు తెలిసిన ఒక పల్లెలో నలభై ఇళ్ల చిన్న సంఘం. పాతిక సంవత్సరాలు పరిచర్య చేసిన కాపరి వృద్ధుడయ్యాడు. తన తరువాత ఎవరన్నది ఆయన ఏనాడూ ఆలోచించలేదు, ఎవరినీ సిద్ధపరచలేదు. ఆయన కన్నుమూసిన ఏడాదికే సంఘం రెండయింది. ఇప్పుడు ఒకే వీధిలో రెండు ప్రార్థన మందిరాలు, రెండు మైకులు. ఒక ముసలమ్మ మాతో అంది: "నా పెండ్లి ఆ గుళ్లో అయింది. మా ఆయన్ని మట్టిచేసినోళ్లు ఈ గుడి పెద్దలు. ఇప్పుడు నేను యాడికి పోవాల నాయనా?" మా దగ్గర జవాబు లేదు.

మోషే అడిగిన వరం

సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో, తాను వాగ్దాన దేశంలోకి వెళ్లడం లేదని మోషేకు తెలిసింది. అప్పుడాయన తన గురించి ఏమీ అడగలేదు. ఈ జనం కాపరి లేని గొర్రెలు కాకుండా వీరి మీద ఒకరిని నియమించమని దేవుణ్ణి వేడుకున్నాడు. దేవుడు యెహోషువను చూపించగానే సమాజమంతటి ఎదుట అతని మీద చేతులుంచాడు. కొడుకులున్నా వారి పేరెత్తలేదు. నాయకుడి గొప్పతనం అతడు ఉన్నప్పటి జనసమూహాన్ని బట్టి కాదు, అతడు లేనప్పుడు ఆ జనం ఏమయ్యారన్న దాన్ని బట్టి తెలుస్తుంది.

మన తెలుగు సంఘ చరిత్రలోనూ ఇందుకు సాక్ష్యాలున్నాయి. 1876-78లో పెద్దలు ధాత కరువని చెప్పుకొనే మహా కరువు వచ్చింది. అప్పటికి అనంతపురం జిల్లా ఏర్పడలేదు, మన ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉండేది. ఇక్కడా, ఒంగోలు వైపూ జనం ఆకలితో అల్లాడిపోయారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని వేలమందికి పని, కూలి దొరికేలా చేశాడు. బాప్తిస్మం ఇవ్వమని ఎందరో అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. కూటి కోసం వచ్చారన్న మాట వారి మీద పడకూడదని, కరువు పనులు ముగిసేదాకా ఆపాడు. సంఖ్యలు పెంచుకోవడానికి అంతకన్నా మంచి సమయం ఏ నాయకుడికి దొరుకుతుంది? అయినా ఆగాడు.

చివరకు 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చరిత్రలో క్లౌ పేరే నిలిచింది గాని, ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఆయన కాదు. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా ఇచ్చారు. దానికి పన్నెండేళ్ల ముందే యర్రగుంట్ల పేరయ్య వంటివారు ఊరూరూ తిరిగి వేసిన విత్తనం ఆ పంట.

చూడని పంట కోసం

రెండవ సాక్ష్యం అజరయ్య గారిది. తిరునల్వేలి సీమలోని ఒక పల్లె పాదిరి కొడుకైన ఆయన తెలుగు నేర్చుకుని దోర్నకల్లుకు వచ్చాడు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో నిలబడి, మీ త్యాగాలు గొప్పవే, కానీ మాకు కావలసింది యజమానులు కాదు, స్నేహితులు అన్న భావం వచ్చేలా మాట్లాడి దొరలను కలవరపరచాడు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. బిషప్ అయ్యాక కూడా ఆయన తిరిగింది పల్లెదారుల్లోనే. కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేతులు వారి తలమీదే పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న అర్థం వచ్చేలా వారి నోటనే ఒప్పుకోలు చెప్పించేవాడు. అంటే మొదటి రోజునుండే ప్రతి కూలివాణ్ణీ సేవకుడిగా చూశాడు.

సంఘాలు చీలి ఉండడం ఆయనకు పెద్ద బాధ. 1919లో తరంగంబాడిలో ఐక్యత కోసం పిలుపునిచ్చినవారిలో ఆయన ముఖ్యుడు. పాతికేళ్లు ఆ పనికి తోడ్పడి, 1945 జనవరి 1న కన్నుమూశాడు. దక్షిణ ఇండియా సంఘం మద్రాసులో ఆవిర్భవించింది 1947 సెప్టెంబరు 27న. నెబో కొండ మీది మోషేలాగే ఆయన దూరం నుండే చూశాడు.

గుత్తి, బళ్లారి లండన్ మిషన్ సంఘాలు ఆ ఐక్యతలోకి వచ్చాయి. రాయలసీమ తొలి బిషప్ హోస్పేట సుమిత్ర 1954 నుండి 1962 వరకు సంఘమంతటికీ మోడరేటరుగా ఉన్నారు. అందరూ ఒక్కసారే కలవలేదు. మన పొరుగున నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు చాలామంది 1947లో బయటే ఉండిపోయారు, ఏళ్ల తరువాత కలిశారు. చీలిక ఒక్క రాత్రిలో వస్తుంది, కలయికకు ఒక తరం పడుతుంది.

వెనక నడిచేవారెవరు?

ఈ రోజుల్లో ముందు నడిచే నాయకులకు కొరత లేదు. వాల్‌పోస్టర్ల మీద, స్టేజీల మీద ముందున్నవారే కనిపిస్తారు. వెనక నిలిచిపోయిన కుంటి గొర్రెను ఎత్తుకునేవారు ఏరి? అప్పులపాలైన రైతు ఇంటికి, కూలికి బెంగుళూరు వలసపోయిన కుటుంబంలో ఒంటరిగా మిగిలిన ముసలివారి దగ్గరకు వెళ్లేవారు ఏరి? యోహాను సువార్త 10వ అధ్యాయంలో ప్రభువు మంచి కాపరికీ జీతగాడికీ తేడా చెప్పాడు. తోడేలు వచ్చినప్పుడు గాని ఆ తేడా తెలియదు.

కాపరులకు మా మనవి ఒక్కటే. మీరు బలంగా ఉన్నప్పుడే ఒక యెహోషువ మీద చేతులుంచండి. సంఘ పెద్దలకు ఇంకొక మనవి. మందిరం ఎవరిదని తగవు పెట్టుకునే ముందు మంద ఎవరిదో గుర్తు చేసుకోండి.

యాడికి పోవాల నాయనా అన్న ఆ అమ్మ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ఆమె కాదు. ఒకే వీధిలో ఉన్న ఆ ఇద్దరు కాపరులు. వారి మధ్య దూరం పెన్నా ఇసుకంత కూడా లేదు. ఎవరో ఒకరు ముందు అడుగు వేస్తే చాలు.