నెత్తురు చెప్పే ఊపిరి కబురు

కట్టెల పొయ్యి ముందు కూర్చుండి, ఊదుగొట్టంతో నిప్పు రాజేస్తూ ఏళ్ల తరబడి ఇంటిల్లిపాదికీ వండిపెట్టిన తల్లి ఒకనాడు నాలుగు మెట్లెక్కి ఆయాసంతో ఆగిపోతుంది. వయసు మీదపడిందని ఇంటివారు సరిపెట్టుకొంటారు. చుట్ట కాల్చే తాతగారి దగ్గును గూర్చి కూడ అదే మాట. నిజానికి అది సి.ఓ.పి.డి. అని వైద్యులు పిలిచే దీర్ఘకాలిక శ్వాసావరోధ వ్యాధి కావచ్చును.

దీనిని నిర్ధారించే పరీక్ష స్పైరోమెట్రీ. రోగి గుండెలనిండా గాలి పీల్చి, బలంకొద్దీ ఊదాలి. శ్వాసనాళాలను విప్పే మందు పీల్చిన తరువాత సైతం, ఊదిన గాలి మొత్తంలో మొదటి సెకనులో వెలువడినది 70 శాతానికి తక్కువైతే వ్యాధి ఉన్నట్లు భావిస్తారు. అయితే ఈ పరీక్ష జరిగిన నష్టాన్ని కొలుస్తుందే గాని రాబోవు దానిని చెప్పజాలదు. ఒకే కొలత గల ఇద్దరిలో ఒకరు నిలకడగా ఉంటారు. మరొకరు శీఘ్రంగా క్షీణిస్తారు. ఈ భేదాన్ని ముందుగా తెలిపే గుర్తునే జీవసూచిక అంటారు. శాస్త్రజ్ఞులు దానిని రక్తంలోని ప్రోటీన్లలో, అనగా మాంసకృత్తులలో వెదకుతున్నారు.

ఈ అన్వేషణకు తొలి వెలుగు స్వీడన్ దేశంలో కనిపించింది. 1963లో కార్ల్-బెర్టిల్ లారెల్, స్టెన్ ఎరిక్సన్ అనే వైద్యులు సుమారు 1500 రక్తనమూనాలలోని ప్రోటీన్లను విద్యుత్తు సాయంతో పట్టీలుగా విడదీసి చూడగా, ఐదింటిలో ఒక పట్టీ లోపించింది. ఆ ఐదుగురిలో ముగ్గురికి చిన్న వయసులోనే ఎంఫిసీమా, అంటే ఊపిరితిత్తులలోని గాలిగదుల గోడలు శిథిలమయ్యే జబ్బు ఉన్నది. లోపించిన ప్రోటీను పేరు ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్. తెల్లరక్తకణాలు విడిచే ఎలాస్టేజ్ అనే ఎంజైము మన ఊపిరితిత్తులనే కొరికివేయకుండా ఇది అడ్డుకొంటుంది. కావలి లేని చేను ఏమవుతుందో పల్లె విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు! ఉన్నదానిని బట్టి గాక, లేనిదానిని బట్టి రహస్యం బయటపడటం ఇందులోని విశేషం.

కాని ఈ పుట్టులోపం గలవారు రోగులలో కొద్దిమందే. తక్కినవారికై ఇతర ప్రోటీన్లను పరిశీలించారు. శ్వాసనాళాల లోపొరలోని కణాలు స్రవించే సి.సి.-16 పొగ త్రాగేవారి రక్తంలో తగ్గుతుంది. నెత్తురు గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్ ఎక్కువగా ఉన్న రోగులకు వ్యాధి తీవ్రమయ్యే ప్రమాదం అధికం. అందుచేత ఔషధ ప్రయోగాలకు రోగులను ఎంచుకోవడంలో దానిని సూచికగా 2015లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అంగీకరించింది. ఇక్కడ ఒక చిక్కున్నది. న్యుమోనియాలోను, కీళ్లవాతంలోను కూడ ఫైబ్రినోజెన్ పెరుగుతుంది. కనుక దానిని మాత్రమే చూచి ఇది ఫలానా జబ్బని తేల్చరాదు. పైగా రక్తద్రవంలోని ప్రోటీన్లలో సగానికి పైగా ఆల్బుమినే. దాని చాటున అత్యల్పంగా ఉండే ప్రోటీన్లను పట్టుకోవడం గడ్డివామిలో సూదిని వెదకడమే.

అందువల్ల, ఆ తల్లికి వచ్చిన ఆయాసం ఏమిటో తేల్చడానికి నేటికీ ఆమె చేత గొట్టంలో ఊదించవలసినదే.